‘అక్కా’ అన్న అన్నయ్య

కిందటి వారం మనం అత్తయ్యను ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద వదిలిపెట్టి వచ్చాం. కిడ్నీలకు పాకిన ఇన్‌ఫెక్షన్‌తో వచ్చిన జ్వరం దిగింది, వణుకు పోయింది, ఆకలేస్తోందని తనంతట తనే అడిగింది. హమ్మయ్య అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునేలోపే పొద్దున తీసిన రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె పెరిగి వచ్చింది. ఒంట్లోని మలినాన్ని వడకట్టాల్సిన కిడ్నీలు చేతులెత్తేస్తున్నాయన్నమాట. ఆ అంకెను ఫోనులో చూసి మెట్ల మీదే ఆగిపోయిన కోడల్ని కూడా మనం అక్కడే వదిలేశాం.

కోడలు అదే ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలి, ఎంత ఎడంతో ఇవ్వాలి అన్నది సరిచూడడం ఆమె పని. రోగి వయసు, బరువు, రక్తపరీక్ష చూసి లెక్కగట్టి, ఎక్కువైతే ఎక్కువైందని ఎంత పెద్ద డాక్టరుకైనా మొహమాటం లేకుండా చెప్పేది. అందుకని వార్డులో నర్సులు ఆమెకు ‘డోసమ్మ’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆసుపత్రి గేటు దాటి ఇంటిదాకా వచ్చింది. “మా డోసమ్మ అక్కడ రోగులకు డోసు తగ్గిస్తుంది, ఆ తగ్గించిందంతా ఇంటికి తెచ్చి మాకు ఇస్తుంది” అని అత్తయ్య పక్కింటి వాళ్ల దగ్గర ఫిర్యాదులా మొదలుపెట్టి మురిపెంగా ముగించేది.

ఇప్పుడు అత్తయ్యకు ఎక్కిస్తున్న ఇంజెక్షన్ లెక్క వేసింది కూడా ఆ డోసమ్మే.

మెట్లు దిగి తన గదికి వెళ్లి లెక్క మళ్లీ వేసింది. అదే జవాబు వచ్చింది. కాగితం చించేసి ఇంకోసారి వేసింది. మళ్లీ అదే. లెక్క తప్పలేదు. మరి కిడ్నీలెందుకు అలుగుతున్నాయి?

“నేనూ చూశానమ్మా. డోసు సరిగ్గానే ఉంది” అన్నాడు గుమ్మంలోకి వచ్చిన కిడ్నీ డాక్టరు. నెమ్మదస్తుడు, మాట కూడా ఆచితూచి అనే మనిషి. “నొప్పి మాత్రలేవీ వాడలేదంటున్నారు. నీళ్లు బాగానే తాగుతున్నారు. ఎందుకైనా మంచిదని కడుపు స్కాన్ కూడా తీయించాను, ఫిల్ము ఇంకా రావాలి. చిక్కేమిటంటే, ఆ క్రిమి మీద పనిచేసే మందు ఇదొక్కటే అని కల్చర్ రిపోర్టు చెబుతోంది. ఆపితే జ్వరం తిరగబెడుతుంది. ఇస్తే కిడ్నీలకు దెబ్బ. మధ్యాహ్నం డోసు లోపల ఏదో ఒకటి తేల్చుకోవాలి.”

“అంకె ఇలాగే పెరిగితే?”

“డయాలసిస్ దాకా పోకూడదనే నా తాపత్రయం కూడా” అన్నాడాయన.

కోడలికి అత్తయ్య కళ్లముందు మెదిలింది. పెళ్లయి వచ్చిన కొత్తలో, తనకు పొద్దుటి డ్యూటీ అని తెలిసి తనకంటే ముందే లేచి, టిఫిన్ డబ్బా కట్టి, “నిద్రమొహంతో మందులు కలిపావంటే ఊళ్లో జనాభా తగ్గిపోతుంది, మొహం కడుక్కో” అని కసిరిన మనిషి. కన్నతల్లి లేని లోటు ఏమిటో ఆ ఇంట్లో ఆమెకు తెలియలేదు. అలాంటి మనిషి ఒంట్లోకి తన లెక్క ప్రకారమే మందు వెళుతోంది.

ఇంకోసారి అన్నీ అడిగి చూద్దామని వార్డుకు బయలుదేరింది. భర్తది ఊళ్లు తిరిగే ఉద్యోగం, వారం చివరికి గానీ రాడు. మామయ్య టీ కోసం కింద క్యాంటీన్‌కు వెళ్లినట్టున్నాడు, మంచం పక్క కుర్చీలో ఆయన కండువా ఒక్కటే ఉంది. అత్తయ్య మంచం చుట్టూ తెర లాగి ఉంది. తెర అవతల ఎవరో వెక్కుతున్నారు.

గొంతు పెదనాన్నగారిది. అంటే అత్తయ్య అన్నయ్యది. జీవితమంతా లారీల కింద దూరి రిపేర్లు చేసి రిటైరైన భారీ మనిషి. బట్టతల, గుబురు మీసం. ఇంటికొస్తే మామయ్య లేచి నిలబడి “రండి బావగారూ” అని తన కుర్చీ ఇచ్చేవాడు. ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు ఆయన్ని అడగాల్సిందే. ఆ పెద్దమనిషి ఇప్పుడు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

“అక్కా... ఏంటే అక్కా ఇలా అయిపోయావు? నువ్వు లేకపోతే నాకింకెవరున్నారే?”

“ఊరుకోరా వెర్రి వెధవా. ఆయన టీకి వెళ్లారు, వచ్చేస్తారు. వింటే కొంప మునుగుతుంది” అంటోంది అత్తయ్య గొంతు.

కోడలి చెయ్యి తెర మీదే ఆగిపోయింది. ఆమె బుర్రలో ముందు కదిలింది కోడలు కాదు, ఫార్మసిస్టు. తెర సర్రున లాగింది.

“పెదనాన్నగారూ, ఇప్పుడేమని పిలిచారు?”

ఆయన నాలిక్కరుచుకున్నాడు. అక్క తల మీంచి చెయ్యి తీసి మీసం మీద వేసుకున్నాడు. “అదేనమ్మా... మా వైపు చెల్లెల్ని ముద్దుగా అక్కా అంటాం.”

“ముద్దుగా చెల్లెల్ని అమ్మా అంటారు, బంగారం అంటారు. అక్కా అనడం నేనెక్కడా వినలేదు. మీకెన్నేళ్లు?”

“డెబ్బై ఒకటి” అనేశాడు, అబద్ధం వెతుక్కునే వ్యవధి లేక.

“ఫైల్లో అత్తయ్యకు అరవై నాలుగని ఉంది. అరవై నాలుగేళ్ల అక్కకు డెబ్బై ఒక్కేళ్ల తమ్ముడు ఎలా పుట్టాడు?”

ఆయన అక్క వంక చూశాడు. అక్క కళ్లతోనే నాలుగు వాయించింది. “నేను... నీళ్ల బాటిల్ తెస్తాను” అంటూ లేచాడు, నిండుగా ఉన్న నీళ్ల బాటిల్ పక్కనే ఉండగా. చెప్పులు తారుమారుగా తొడుక్కుని బయటపడ్డాడు.

“పెదనాన్నగారూ... కాదు కాదు, బాబాయిగారూ, మీ సంచీ!” అని కోడలు పిలిచినా ఆగలేదు.

ఆమె స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. అత్తయ్య గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది.

“అత్తయ్యా, నిద్ర నటించకండి. మీకు నిద్రపడితే గురక వస్తుంది.”

“నాకు గురకా? మీ మామయ్య పుట్టించిన పుకారది” అంటూ కళ్లు తెరిచింది, పౌరుషం ఆగక.

“ఎన్నేళ్లు మీకు?”

“ఆడవాళ్లను అడగకూడని ప్రశ్న అది.”

“నేను అడగట్లేదు. మీ కిడ్నీలు అడుగుతున్నాయి.” కోడలు అత్తయ్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “మీకిచ్చే ఇంజెక్షన్ మంచిదే. కానీ పని కాగానే ఒంట్లోంచి వెళ్లిపోవాలి. దాన్ని బయటికి పంపేది కిడ్నీలే. వయసు పెరిగేకొద్దీ అవి నెమ్మదిస్తాయి, పైకి రక్తపరీక్ష బాగున్నట్టే కనిపించినా సరే. అందుకే వయసు చూసి, బరువు చూసి ఎంత ఎడంతో ఇవ్వాలో లెక్కగడతాం. నిన్నటి మందు పూర్తిగా బయటికి పోకముందే ఇవాళ్టిది పోస్తే అది కిడ్నీల్లోనే పేరుకుని వాటినే తినేస్తుంది. చెవులకు కూడా చేటు. మీకు అరవై నాలుగనుకుని నేను రోజూ ఇమ్మన్నాను. నా చేతులతో నేను రాశాను, అత్తయ్యా.”

అత్తయ్య కోడలి మొహంలోకి చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరగడం ఇన్నేళ్లలో ఆమె చూడలేదు.

“డెబ్బై మూడు” అంది.

“తొమ్మిదేళ్లా!”

“మెల్లిగా అనవే. అటు మంచం ఆవిడ చెవులు ఇటే ఉన్నాయి.” దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పుకొచ్చింది. “నా పెళ్లి ఆలస్యమైంది. ఎందుకైందిలే, అయింది. ఇరవై తొమ్మిది వచ్చేసరికి సంబంధాలు రావడం ఆగిపోయాయి. మీ మామయ్య సంబంధం వచ్చినప్పుడు ఆయనకు పాతికేళ్లు. మా మేనత్త ఇరవై అని చెప్పేసింది. సన్నగా ఉండేదాన్ని, నమ్మేశారు. మా తమ్ముడు నాకంటే చిన్నవాడైనా మీసంతో ఉన్నాడు కదా, వాణ్ణి అన్నయ్యను చేసేసింది. పెళ్లయ్యాక చెప్పేద్దామనుకున్నాను. ఆయనేమో ‘చిన్నపిల్లవి, నీకేం తెలుసు’ అంటూ నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవారు. నన్నెవరూ ఎప్పుడూ అలా దాటించలేదమ్మా. ఇంట్లో పెద్దదాన్ని కదా, అందర్నీ నేనే దాటించాను. ఆ ముద్దు పోతుందని ఇవాళ చెప్తా రేపు చెప్తా అనుకుంటూ...”

“నలభై ఏళ్లు దాటించేశారు.”

“నవ్వు, నవ్వు. నవ్వాల్సిన సంగతే.”

కోడలు నవ్వలేదు. ఫోను తీసి డాక్టరుతో రెండే మాటలు మాట్లాడింది. మధ్యాహ్నం డోసు ఆపమంది, వయసు సంగతి చెప్పింది. లెక్క కొత్తగా వేస్తానంది. ఫోను పెట్టేసేసరికి అత్తయ్య ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“సూది తగ్గించుకో, దూరం చేసుకో, నీ ఇష్టం. ఫైల్లో అంకె మాత్రం ముట్టుకోకు.”

“అలా కుదరదు అత్తయ్యా. నేను ఇంటికెళ్లాక డ్యూటీలో ఉండేవాళ్లు ఫైలు చూసే లెక్కగడతారు. రేపు ఇంకో మందు మొదలుపెట్టినా అంతే. ఇదిగో, మీ చేతికి కట్టిన ఈ పేరూ వయసూ పట్టీ మీద కూడా మారాలి.”

“పట్టీ మీదా?” అత్తయ్య మొహం పాలిపోయింది. “ఆయన పొద్దున్నుంచీ పనేం లేక దాన్నే చదువుతున్నారు! నాలుగుసార్లు పైకి చదివి వినిపించారు కూడా!”

“అయితే పట్టీ చెప్పేకంటే మీరు చెప్పడం మేలు కదా?”

సరిగ్గా అప్పుడే మామయ్య వచ్చాడు. సన్నటి, చురుకైన మనిషి. పేరున్న టైలరు. ఎదుటి మనిషి కొలత టేపు లేకుండా చూపుతోనే చెప్పగలడు. అంతటివాడు కట్టుకున్న భార్య విషయంలో తొమ్మిదేళ్లు కొలత తప్పాడు. రెండు చేతుల్లో రెండు టీ కప్పులు పట్టుకుని, తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు.

“బావగారేరీ? ఆయన కోసమే తెచ్చాను.”

“ఆయన మీకు బావగారు కాదు” అంది అత్తయ్య. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తోక దగ్గర మొదలుపెట్టింది. “బావమరిది. నాకంటే రెండేళ్లు చిన్న. నాకు డెబ్బై మూడండీ. మీకంటే నాలుగేళ్లు పెద్దదాన్ని.”

మామయ్య నవ్వబోయాడు. భార్య మొహం చూశాడు. కోడలి మొహం చూశాడు. నవ్వు సగంలోనే ఆగింది. కప్పులు రెండూ బల్ల మీద పెట్టాడు. వెనక్కి తిరిగి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

“చూశావా?” అంది అత్తయ్య చిన్న గొంతుతో. “వెళ్లిపోయారు.”

కోడలు ఆమె భుజం తట్టి పరుగులాంటి నడకతో వరండాలోకి వచ్చింది. మామయ్య దూరం పోలేదు. చివర నీళ్ల కూలర్ పక్కన బెంచీ మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చున్నా తలెత్తలేదు.

“కోపం వచ్చిందా మామయ్యా?”

“కోపమా? ఎందుకమ్మా?” నిజంగానే ఆశ్చర్యపోయాడు. “పెళ్లయిన కొత్తలోనే అనుకునేవాణ్ణి, ఇరవై ఏళ్ల పిల్లకు ఇంత పెద్దరికం ఎక్కడిదా అని. మా అమ్మతో ఒక్కరోజు మాటా మాటా రాలేదు. నా కోపాన్ని ఒక చూపుతో దించేసేది. మహా తెలివైన పిల్ల దొరికిందని పొంగిపోయాను.”

“మరెందుకలా వచ్చేశారు?”

ఆయన అరచేతులు మూసుకున్నాడు.

“నేను తనకంటే అయిదేళ్లు పెద్ద కదా అనుకున్నాను. ముందు పోయేది నేనే అని లెక్క వేసుకున్నాను. అందుకని తనకు అన్నీ నేర్పించాను. ఫ్యూజు వేయడం, కుళాయి వాషరు మార్చడం, ఒంటరిగా బస్సెక్కడం, కుట్టుమిషను బాగుచేయడం. నేను లేనప్పుడు ఎవరి కాళ్లూ పట్టుకోకుండా బతకాలని. ఎప్పటికప్పుడు పరీక్షలు కూడా పెట్టేవాణ్ణి. వేళాకోళమనుకుని నవ్వేది. తను లేకపోతే నేనెలా ఉండాలో మాత్రం ఒక్కరోజు కూడా ఆలోచించలేదమ్మా. ఇందాక తను డెబ్బై మూడు అనగానే అదే తట్టింది. నాకు టీ పెట్టుకోవడం కూడా రాదు.”

కోడలు మందు ఎంతో, ఎడమెంతో చెప్పగలదు. దీనికి చెప్పగలిగే లెక్క ఆమె చదువులో లేదు. ఆయన చెయ్యి పట్టుకుని, ఇంజెక్షన్ సంగతి మెల్లగా చెప్పింది.

“సూది వల్ల వచ్చింది సూది ఆపితే తగ్గుతుందా?” అని అడిగాడు చివరికి.

“తొందరగా కనిపెట్టాం మామయ్యా. చాలామందికి కిడ్నీలు కోలుకుంటాయి. అత్తయ్యకూ కోలుకోవాలి. నేను వదిలిపెట్టను.”

“నువ్వెలాగూ వదలవు. డోసమ్మవి” అంటూ లేచాడు. కళ్లు తుడుచుకుని, జుట్టు సవరించుకుని, చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. మొదటిసారి పెళ్లిచూపులకు వెళుతున్నట్టు వార్డులోకి నడిచాడు.

అత్తయ్య అదే పనిగా తలుపు వైపే చూస్తోంది. ఆయన్ని చూడగానే దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

మామయ్య మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగి, చేతులు కట్టుకుని, వినయంగా తల వంచాడు. “పెద్దవారు మీరు. ఇన్నాళ్లూ తెలియక నువ్వు అంటూ వచ్చాను. మనసులో పెట్టుకోకండి.”

అత్తయ్య నోరు తెరిచింది. మూసింది. “ఛీ, ఏంటండీ ఆ మాటలు!”

“నన్ను ‘అండీ’ అనకండి. ఆయుష్షు తగ్గుతుంది. ‘ఒరే అబ్బాయ్’ అనండి చాలు.”

పక్క మంచం ఆవిడ ముసుగులోంచి కిసుక్కున నవ్వింది. అత్తయ్య ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆయన వెళ్లి మంచం అంచున కూర్చుని, చల్లారిన టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. ఆమె అలవాటుగా ఆయన చేతిలోంచి కప్పు లాక్కుని పక్కన పెట్టింది.

“ఇంటికొచ్చాక టీ పెట్టడం నేర్పించాలి నువ్వు” అన్నాడు, గొంతు మార్చి.

“ఇప్పుడెందుకొచ్చింది ఆ బుద్ధి?”

“పెద్దవాళ్లకు సేవ చేసుకోవద్దూ?”

కోడలు అటు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది. పట్టీ మార్చమని సిస్టర్‌కు చెప్పింది. కొత్త లెక్క వేసింది. ఇంజెక్షన్ రోజు విడిచి రోజు చాలు, ఆ ఎడం కూడా రక్తంలో మందు ఎంత మిగిలిందో చూసుకున్నాకే. అయినా మనసులో ఎక్కడో ఒక ముల్లు కదులుతూనే ఉంది. తొమ్మిదేళ్ల తేడా లెక్కను హద్దు దాటించిన మాట నిజమే. కానీ అది ఇంత తక్కువ వ్యవధిలో, అంకెను ఇంతగా ఎక్కించేటంత తేడానా?

ఆ ప్రశ్న తీరకముందే డాక్టరు తెర పక్కకు జరుపుకుని లోపలికి వచ్చాడు. చేతిలో స్కాన్ ఫిల్ము ఉంది. ఎప్పటిలా చిరునవ్వు లేదు.

“వయసు సంగతి దొరకడం మంచిదైందమ్మా. కానీ అదొక్కటే అయితే ఇంత కాకూడదని నాకు అనిపిస్తూనే ఉంది.” కిటికీ వెలుగుకు ఫిల్ము ఎత్తి పట్టుకుని, కోడలికి వేలితో చూపించాడు. “ఎడమ వైపు చూడు. సరే. ఇప్పుడు కుడి వైపు చూడు.”

కోడలు చూసింది. మళ్లీ చూసింది. కుడి వైపు కిడ్నీ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“కొందరికి పుట్టుకతోనే ఒకటే ఉంటుంది కదండీ?” అంది.

“ఉంటుంది. కానీ ఇది పుట్టుకతో లేనిది కాదు. తీసేసింది. నడుము మీద కోత గుర్తు కూడా చూశామని స్కాన్ గదిలో వాళ్లు చెప్పారు.” డాక్టరు మంచం వైపు తిరిగాడు. “ఆపరేషన్ ఎప్పుడు జరిగిందమ్మా?”

మామయ్య తెల్లబోయి భార్య వంక చూశాడు. “అది చిన్నప్పుడు మేడమెట్ల మీంచి పడ్డ దెబ్బ కదూ? నువ్వే కదా చెప్పావు?”

కోడలు ఫిల్ము వదిలేసి అత్తయ్య మొహం చూసింది. ఆ మొహంలో అన్నీ ఉన్నాయి. అలసట ఉంది, జాలి ఉంది, ఏదో బరువు దిగుతున్న తేలికా ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

“అమ్మాయ్, ఆ స్టూలు ఇలా వెయ్యి. మీ మామయ్యను గోడకు ఆనుకుని కూర్చోమను” అంది అత్తయ్య. “నా పెళ్లి ఎందుకు ఆలస్యమైందో చెప్తాను. అది నిలబడి వినే సంగతి కాదు.”